పితామహి యే వ్యాధిచే మరణించెను?

మన యిండ్లలో పెండ్లిమాటలు మొదలు కాగానే గోత్రము, ప్రవర, నాడి, కుజదోషము అన్నియు విచారింతురు. తద్దినమునాడు తల్లిని, పితామహిని, ప్రపితామహిని పేరుపేరున తలచి తిలోదకము లిడుదుము. కాని యా పితామహి యే వ్యాధిచే మరణించెనో మీలో నెందరు చెప్పగలరు? చెప్పగలవారిలో నెందరు చెప్పుదురు?

నేను చెప్పలేదు. ఆరేండ్లక్రిందట మా యన్నగారి కుమార్తెకు సంబంధము వచ్చినపుడు వరుని మేనమామ, “పిల్ల మేనత్త చిన్నవయసుననే పోయినదట, ఏమి జబ్బు?” అని యడిగెను. మా యక్కగారు ముప్పదియెనిమిదవ యేట రొమ్మునందలి రాచపుండుతో పోయిరి. మా తల్లియు నంతే. హరిశ్చంద్రోపాఖ్యానము బోధించు పంతులనైన నేను “విషజ్వరమండీ” యంటిని. ఇంటిలోని యాడపిల్లలకును ఆ జ్వరమే చెప్పియుంటిమి. పెండ్లి జరిగినది. కడచిన యేడు, ముప్పదవ యేట, ఆ బిడ్డ రొమ్మున గడ్డ కనబడినది. అప్పటికే చంకలోని బిళ్ళలకు ప్రాకినది. వరునివారినుండి దాచితి మనుకొంటిమి. దాచినది బిడ్డనుండి.

ఈ వ్యాధి యెల్లచోట్ల వంశానుగతము కాదు. నూటికి అయిదు మొదలు పదివరకే యట్టివి. కాని యొకే కుటుంబమున ఇద్దరు ముగ్గురికి, అందును ఏబదియేండ్ల లోపున వచ్చినచో అనుమానింపక తీరదు. 1994లో ఒకటియు, 1995లో రెండవదియు గుర్తింపబడిన బి.ఆర్.సి.ఏ. జన్యువులలో దేనియందైన హానికరమైన మార్పుగల స్త్రీలలో నూటికి సుమారు డెబ్బదిమందికి ఎనుబదియేండ్ల లోపున ఈ వ్యాధి రాగలదని 2017లో వెలువడిన పరిశోధన తేల్చినది.

“తల్లివైపున లేదుగదా, మేనత్త జబ్బు మేనకోడలి కెట్లు వచ్చును?” అని మనవా రడుగుదురు. తండ్రినుండి వచ్చును! మార్పుగలవారు తండ్రియైనను తల్లియైనను, పుట్టిన ప్రతిబిడ్డకును అది సంక్రమించుటకు సగముపాలు అవకాశము కలదు. మా యన్నగారు నిక్షేపముగా నున్నారు. బిడ్డకు వారినుండియే దిగినది.

ముందే తెలిసిన నేమగును? మార్పు కలదని తేలిన స్త్రీకి ఇరువదియైదవ యేటనుండి ఏటేట ఎం.ఆర్.ఐ., ముప్పదవ యేటనుండి దానితోబాటు మామోగ్రాము చేయవలయునని అమెరికా వైద్యుల మార్గదర్శకములు చెప్పుచున్నవి. పడుచువారి రొమ్ము దట్టమైనది. మామోగ్రాములో ఆ దట్టదనమును తెలుపే, గడ్డయు తెలుపే. బ్రిటనులో ఇట్టి కుటుంబముల స్త్రీలు 649 మందిని పరీక్షించి 2005లో ప్రకటించిన ఫలితములలో మామోగ్రాము నూటికి 40 పుండ్లను, ఎం.ఆర్.ఐ. 77, రెండును కలిసి 94 పట్టినవి. మన ప్రభుత్వము 2016లో నిర్ణయించిన, ముప్పదియేండ్లు నిండినవారికి అయిదేండ్ల కొకమారు చేతితో తడవి చూచు పరీక్ష పదిమందికి మేలే. ఇట్టి యింటి బిడ్డకు చాలదు. మా బిడ్డకు పెండ్లినాటికి సరిగా ఇరువదియైదేండ్లు.

ఈ పరీక్షలకు వ్యయ మధికము. ఒక్కొక్కమారు పుండు కాని నీడలును కనబడి సూదిపరీక్షకు పోవలసివచ్చును. ఒప్పుకొందును. కాని “లలాటలిఖితము, తెలిసికొని బెంగ యెందుకు” అనువారి నొకటి యడిగెదను: కుజదోషమునకు శాంతి యేల చేయింతురయ్యా?

పెండ్లి చెడు నందురా? మేము వెరచిన యా యల్లుడే నేడు బిడ్డ చేయి పట్టుకొని ఆసుపత్రికి తీసికొనిపోవుచున్నాడు. అతడు నన్నడిగిన దొక్కటే: “ముందే చెప్పియుండరాదా, చిన్నమామగారూ?” నాయొద్ద సమాధానము లేకపోయెను.

మొదట ఆ బిడ్డ రక్తమును, అందు మార్పు కనబడిన పిదప మా యన్నదమ్ముల రక్తమును పరీక్షించిరి. నాకును కలదు. మా యమ్మాయికి ఇరువదిరెండేండ్లు. ఆమెను కూర్చుండబెట్టి నాయనమ్మ సంగతి, మేనత్త సంగతి, నా సంగతి చెప్పితిని. పరీక్ష చేయించుకొనుట ఆమె యిష్టము. చెప్పుట నా విధి. ఈ నెల ఒక సంబంధము వచ్చినది. ఆమె యనుమతితోనే జాతకము వెంట మరియొక కాగితముపై మా తల్లి, మా యక్క, మా యన్నకూతురు — ముగ్గురి వ్యాధిని, అది వచ్చిన వయస్సులను వ్రాసి పంపితిని. వారియొద్దనుండి యింకను జాబు రాలేదు.