బ్యాచ్ కోడ్‌లో జాతకం లేదు.. టెస్టింగ్‌లో కొలువుంది!

2025 ఆగస్టు 12న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నాలుగు సెమీకండక్టర్ ప్రాజెక్టుల్లో ఒకటి మన రాష్ట్రానికి దక్కింది. దక్షిణ కొరియా సంస్థ అపాక్ట్ సాంకేతిక సహకారంతో ఏఎస్‌ఐపీ టెక్నాలజీస్ పెట్టే ఈ ప్యాకేజింగ్ యూనిట్ సామర్థ్యం ఏడాదికి 9.6 కోట్ల చిప్‌లు. ప్యాకేజింగ్ ఉన్నచోట టెస్టింగ్ కూడా ఉంటుంది. ఆ పనేంటో అర్థం కావాలంటే, కంప్యూటర్ ప్రాసెసర్ మీద ఉండే బ్యాచ్ కోడ్‌తో మొదలుపెట్టండి.

కోడ్ ఏం చెబుతుంది?

విజయవాడలో సెకండ్‌హ్యాండ్ ప్రాసెసర్ కొనబోతే ‘ఇది మంచి బ్యాచ్, ఓవర్‌క్లాక్ బాగా అవుతుంది’ అని ఎవరైనా ఓ వెయ్యి ఎక్కువ అడగొచ్చు. ఇచ్చేముందు కోడ్ చదవండి. ఇంటెల్ కోడ్ ‘ఎల్640’తో మొదలైతే ఎల్ అంటే మలేసియా, 6 అంటే 2016, 40 అంటే ఆ ఏడాది 40వ వారం. దశాబ్దం ఏదన్నది మోడల్‌ను బట్టి తెలుస్తుంది. ఏఎండీ చిప్‌పై ‘2134’ ఉంటే 2021లో 34వ వారం. అంటే వయసు, ఊరు తెలిశాయి. సత్తా మాత్రం తెలియలేదు.

ఎందుకంటే ఒకే వేఫర్‌లోని చిప్‌లూ ఒకేలా ఉండవు. ట్రాన్సిస్టర్ల కొలతల్లో, థ్రెషోల్డ్ వోల్టేజీలో సూక్ష్మమైన తేడాలుంటాయి. గుడివాడ వైపు ఏ రైస్ మిల్లులోనైనా చూడండి. ఒకే లాట్ ధాన్యం ఆడించినా నిండు గింజ, నూక వేరవుతాయి. రంగు మారిన గింజను సార్టెక్స్ మిషన్ ఏరేస్తుంది. చిప్‌లనూ అలాగే పరీక్షించి, వేగాన్ని బట్టి వేర్వేరు మోడళ్లుగా అమ్ముతారు. దీన్నే బిన్నింగ్ అంటారు.

1998లో వచ్చిన 300 మెగాహెర్ట్జ్ సెలరాన్ 300ఏ చాలామంది దగ్గర 450 వరకూ పరుగెత్తింది. అప్పట్లో అంత వేగం మిగిలి ఉండేది. ఇప్పటి ప్రాసెసర్లు తమంతట తామే గరిష్ఠ వేగానికి దగ్గరగా వెళ్తాయి. పైగా ఇంటెల్‌లో ఓవర్‌క్లాకింగ్ ప్రధానంగా ‘కె’ తరహా మోడళ్లకే పరిమితం. కాబట్టి కోడ్ చూసి ఎక్కువ డబ్బు ఇవ్వకండి. దాన్ని వారంటీ చూసుకోవడానికి వాడండి. ముఖ్యంగా 13, 14వ తరం ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్‌ల విషయంలో ఇది అవసరం. వాటిలో తలెత్తిన సమస్య వల్ల 2024లో ఆ సంస్థ వారంటీని రెండేళ్లు పెంచింది.

మీకేం లాభం?

‘ఒకే వేఫర్‌లోని రెండు చిప్‌ల వేగంలో తేడా ఎందుకు?’ టెస్ట్ ఇంజినీర్ ఇంటర్వ్యూలో ఎదురవగల ప్రశ్న ఇది. జవాబు పైనే ఉంది. కానీ బట్టీపడితే చాలదు, చేసి చూపించాలి.

హాస్టల్లో ఒకే మోడల్ ల్యాప్‌టాప్‌లు ఐదు దొరికితే మినీ ప్రాజెక్టు సిద్ధమైనట్టే. ఒకే గదిలో, ఒకే స్ట్రెస్ టెస్ట్ పెట్టి వేగం, వోల్టేజీ, ఉష్ణోగ్రత నమోదు చేయండి. ఒకటి మే ఎండలో, ఇంకోటి డిసెంబరు చలిలో కొలిస్తే పోలికకు అర్థముండదు. పైథాన్‌తో గ్రాఫ్ గీయండి. తేడా చిప్‌దా, ఫ్యాన్‌లో దుమ్ముదా? దీనికి ఆధారంతో జవాబు చెప్పడమే టెస్టింగ్.

ఆమోదం వచ్చిందంటే రేపే నోటిఫికేషన్ అనుకోవద్దు. యూనిట్ కట్టి, మిషన్లు బిగించడానికి సమయం పడుతుంది. ఈలోగా డిజిటల్ ఎలక్ట్రానిక్స్, స్టాటిస్టిక్స్, పైథాన్ గట్టిచేసుకోండి. హైదరాబాద్, బెంగళూరు చిప్ కంపెనీలకూ ఇవే పనికొస్తాయి.