బంతి కుట్టిన చేయి

క్రికెట్టు పందెము జరుగు దినమున మన పట్టణములలో కచేరీలును, అంగళ్లును, పఠనమందిరములును ఒకటే ధ్యాసలో నుండును. ఎవడెన్ని పరుగులు తీసెనో, ఎవనికెన్ని వికెట్లు దక్కెనో పసిబాలురు సైతము అప్పగింతురు. అయితే ఆ పరుగులకును, ఆ వికెట్లకును ఆధారమైన ఎఱ్ఱబంతిని కుట్టినవారెవరని అడిగినచో విద్యావంతులును నోరు మెదపరు. ఈ మౌనము కేవలము అజ్ఞానము కాదు. దీని వెనుక మన పాత పాపమొకటి దాగియున్నది.

ముందుగా బంతి పుట్టుకను చదువరులు తెలిసికొందురు గాక. మన దేశమున ఈ పనికి మీరట్ నగరము ప్రసిద్ధము. పూర్వము ఇది స్యాల్‌కోటలో వర్ధిల్లుచుండెను. 1947లో ఆ పట్టణము పాకిస్థానునకు చేరగా, అచ్చటి వ్యాపారులు పెక్కురు జలంధరమునకును మీరట్టునకును తరలివచ్చి మరల కార్ఖానాలు నిలిపిరి.

తోలును పటికతో ఊని, ఎఱ్ఱరంగు వేసి, ఎండబెట్టుదురు. దళసరి సమముగా నున్న భాగములనేరి ముక్కలు కోయుదురు. మేలురకపు బంతికి నాలుగు ముక్కలు కావలెను. రెండేసి ముక్కలను, కుట్టు పైకి కనబడకుండ, లోపలివైపున కలిపి కుట్టి కొబ్బరిచిప్పవలె తీర్తురు. బెండుగుండుకు ఉన్నిదారమును బిగువుగా చుట్టి, దానిపై ఈ రెండు చిప్పలను మూయుదురు. అసలు పని అప్పుడు ఆరంభమగును. బంతిని కొయ్యబిగింపులో నిలిపి, దబ్బనముతో తోలు పొడిచి, మైనము పూసిన దారమును రెండు సూదులతో ఎదురెదురుగా దూర్చి, పనివాడు బలముకొలది లాగును. నడుమ కుట్టు ఆరు వరుసలు. ఒక్కొక్క వరుసలో రమారమి 80 కుట్లు. ఇంత చేసిన పిమ్మట బంతి తూకము 155.9 గ్రాములకు తగ్గరాదు, 163కు మించరాదు, చుట్టుకొలత 22.4 సెంటీమీటర్లకును 22.9కిని నడుమ నుండవలెను. తుదకు దానిని ఒత్తి, మెఱుగుపెట్టి, బంగారువన్నె అక్షరములు ముద్రింతురు. ఆ అక్షరములు కంపెనీ పేరు చెప్పును. కుట్టినవాని పేరు దానిపై నుండదు.

మీరట్ ప్రాంతమున ఈ కుట్టుపనివారిలో పెక్కురు జాటవులు, చర్మకార కులజులు. వారికి కూలి బంతి లెక్కన ముట్టును. చేయి నొచ్చి పని నిలిచిన దినమున కూలియు నిలుచును. కుట్టు ఒక్కింత వదులైన బంతి పనికిరాదు. కుట్టినవాని బ్రతుకు ఎంత వదులుగా నున్నను అడుగువాడు లేడు.

ఈ అన్యాయము బంతితో పుట్టినది కాదు. మన ఆంధ్రదేశపు పల్లెలలో మోటబావికి తోలుబాన కుట్టి యిచ్చినవాడు మాదిగ. ఆ బాన తోడిన నీట పైరు పండెను, ఊరు బ్రతికెను. కుట్టినవాడు మాత్రము ఊరి బావి చేద ముట్టరాదనిరి. క్రికెట్టులోను ఇదే నీతి నడచినది. చర్మకార కులమున పుట్టిన పల్వంకర్ బాలూ వేసిన బంతిని పూనాలో అగ్రకులపు ఆటగాండ్రందరును ముట్టిరి. తేనీటివేళ మాత్రము ఆయనకు వెలుపల, పారవేయదగిన మట్టిపాత్రలో పోసిరి. 1911లో ఇంగ్లండునకు పోయి నూటికి మించిన వికెట్లు పడగొట్టిన ఆ మహనీయునికి హిందూజట్టు నాయకత్వము దక్కలేదు. తోలుబంతికి లేని మైల, తోలు కుట్టిన కులమునకు ఎక్కడినుండి వచ్చెను?

కూలి పెంచినచో పరిశ్రమ నిలువదని కొందఱందురు. ఈ వాదమును మేమంగీకరింపము. ఆస్ట్రేలియా కూకబుర్రా బంతికి నడిమి రెండు వరుసలే చేతికుట్టు, తక్కినవి యంత్రపుకుట్టు. మన దేశపు టెస్టు పందెములలో వాడు బంతికి ఆరు వరుసలును చేతికుట్టే. ఆ చేతిపనినే గొప్పగా చెప్పుకొనుచు ఆ చేతికే తక్కువ యిచ్చుట ఏ ధర్మము? ధనము లేదందురా? 2022లో ఐ.పి.ఎల్. పందెముల ప్రసారహక్కులు అయిదేండ్లకు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయెను. ఆ సముద్రమున ఒక చెంబెడు నీరు కుట్టుపనివానికి చాలును.

కొనువారు గట్టిగా అడిగినచో మార్పు రాకపోదు. స్యాల్‌కోటలో ఫుట్‌బాలు బంతులను బాలురు కుట్టుచున్నారని లోకమంతయు గగ్గోలు పెట్టగా, 1997లో అట్లాంటా నగరమున వ్యాపారులు ఒడంబడికకు రావలసివచ్చెను. పరదేశపు కొనుగోలుదారులు అడుగగలిగినదానిని మనవారి కొఱకు మనము అడుగలేమా?

కావున మేము కోరునది స్పష్టము. ఇంట కూర్చుండి కుట్టువానికిని, కార్ఖానాలో కుట్టువానికిని బ్రతుకుదెరువుకు చాలిన కనీసపు కూలి కట్టవలెను. రోగమునకును ముదిమికిని భద్రత కల్పింపవలెను. వీనికి లెక్క చూపిన కార్ఖానా బంతినే క్రికెట్టు బోర్డు కొనవలెను. మన పాఠశాలలును, ఆటసంఘములును ఈ ప్రశ్న నడిగిన పిమ్మటనే బంతి కొనవలెను. 1932లో మన తొలి టెస్టుజట్టును నడిపిన సి.కె. నాయుడు తెలుగువాడని గర్వించు మనము ఈ పనికి ముందు నడువవలదా?

టెస్టు పందెమున 80 ఓవర్లు గడచినంతనే క్రొత్తబంతి అడుగు హక్కు బంతి వేయు జట్టునకు గలదు. కుట్టినవాడు తన కూలి అడుగుటకు ఇంకెన్ని తరములు గడువవలెను?