కనమన్నా మనకే, వద్దన్నా మనకే!

మారిషస్ అనగానే మనకు చెరకు తోటలు, ఉగాదికి సెలవిచ్చే దేశమన్న సంబరం గుర్తొస్తాయి. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలెక్కి కూలికి వెళ్లిన మనవాళ్ల సంతతి ఇప్పటికీ అక్కడుంది. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలూ అక్కడ జరిగాయి. కానీ ఆ చిన్న దీవిలో ఆడవాళ్ల కథ మనం అంతగా చెప్పుకోలేదు.

1940ల చివర్లో మలేరియాను అదుపు చేయడంతో అక్కడ చావులు తగ్గాయి, జనం పెరిగారు. 1960ల మొదట్లో ఒక్కో తల్లికి సగటున 6గురు పిల్లలు. ఇలాగైతే ఇంతమందికి తిండి, పని ఎక్కడివని 1961లో మీడ్, టిట్మస్ నివేదికలు హెచ్చరించాయి. 'పిల్లల్ని తగ్గించండమ్మా' అన్న ప్రచారం మొదలైంది. ఆడపిల్లలు చదువుకున్నారు. 1970 తర్వాత ఎగుమతుల కోసం బట్టల ఫ్యాక్టరీలు వెలిశాయి. అక్కడ పనికి కుదిరినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. చదువూ, చేతిలో నాలుగు డబ్బులూ వచ్చాక కాన్పులు వాటంతటవే తగ్గాయి.

ఇప్పుడు ఆ సగటు ఒకటిన్నర కూడా లేదు. దాదాపు 12.5 లక్షల జనాభా తగ్గుముఖం పట్టింది. పెద్దవాళ్లు ఎక్కువయ్యారు. చదువుకున్న పిల్లలు పై దేశాల బాట పడుతున్నారు. ఫ్యాక్టరీల్లో పనికి బంగ్లాదేశ్, భారత్, మడగాస్కర్ల నుంచి మనుషుల్ని రప్పించుకుంటున్నారు. ఒకప్పుడు జనం ఎక్కువైపోయారని బెంగపడిన దీవికి ఇప్పుడు చేతులు చాలడం లేదు!

ఇదంతా ఎక్కడి గొడవో అనుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆ సగటు 1.7కి దిగింది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారన్న నిబంధనను 2024లో ఎత్తేశారు. ఒకరిద్దరు చాలన్న నోళ్లే ఇప్పుడు ఇంకొకరిని కనమంటున్నాయి.

నాకు అర్థం కానిదల్లా ఒక్కటే. వద్దన్నప్పుడూ మనకే చెప్పారు, కనమన్నప్పుడూ మనకే చెబుతున్నారు. మరి ఆ బిడ్డను ఎవరు చూస్తారు? పసివాణ్ణి వదిలి ఉద్యోగానికి వెళ్లేందుకు నమ్మకమైన శిశు సంరక్షణ కేంద్రం వీధికొకటి ఉందా? కాన్పు తర్వాత వెళ్తే పాత ఉద్యోగం మళ్లీ ఇస్తారా? మంచం పట్టిన అత్తగారి సేవా, పిల్లాడి హోంవర్కూ ఇంటాయన కూడా పంచుకుంటారా? పిల్లలు విమానమెక్కాక మిగిలిన ముసలితల్లికి దిక్కెవరు?

మారిషస్ ఆడవాళ్లు తక్కువ కన్నది ఎవరో గద్దించినందుకు కాదు, తమ బతుకు తమ చేతికొచ్చినందుకు. ఇప్పుడు ఎక్కువ కనమని గద్దించినా ఫలితం ఉండదు. కాబట్టి ఈసారి ఎవరైనా వేదికెక్కి పిల్లల లెక్క చెబితే, ఊరికే చప్పట్లు కొట్టకండి. 'సరేనండీ, మాకేం ఏర్పాట్లు చేశారు?' అని అడగండి. ఎంతమందన్నది ఆ తర్వాత మనమూ, మనింటివాళ్లూ తేల్చుకుంటాం.