ప్రశ్న వేసే తీరు

సమాధానం చెప్పడానికే విద్వత్తు కావాలనీ, ప్రశ్న వేయడానికి నోరుంటే చాలుననీ మనలో ఒక భ్రమ ఉంది. అవధాన సభను చూచినవారు ఈ మాట ఒప్పుకోరు. సమస్య నిచ్చే పృచ్ఛకునికి ఛందస్సు తెలిసి ఉండాలి. గణభంగమైన పాదాన్ని ఇచ్చి పూరించమంటే ఎంతటి అవధాని అయినా ఏమి చేయగలడు?

పొలం సంగతీ ఇంతే. రైతుల సందేహాలను వారి భాషలోనే తీర్చేందుకు కేంద్ర ప్రభుత్వం 2004 జనవరి 21న కిసాన్ కాల్ సెంటర్లను ప్రారంభించింది. ఉప్మాక రైతు ఒకరు అక్కడికి ఫోను చేసి, "చెరకు ఎండిపోతోంది, మందు చెప్పండి" అన్నారనుకుందాం. నీరు చాలక ఎండినదో, పురుగు తొలిచినదో, తెగులు సోకినదో అవతలివారికి ఎలా తెలుస్తుంది? పొలాన్ని వారు రైతు మాటల ద్వారానే చూడాలి. అదే రైతు చెరకు రకమూ, తోట వయస్సూ చెప్పి, "మొవ్వు దగ్గరి ఆకులు పసుపుబారి ఎండుతున్నాయి, గడను నిలువునా చీల్చితే ఎర్రని కండలో అడ్డంగా తెల్లని మచ్చలున్నాయి, సారా వాసన వస్తోంది" అంటే, ఎర్రకుళ్లు తెగులు వెంటనే స్ఫురిస్తుంది. గడ లోపల వ్యాపించిన ఆ తెగులుకు పైన చల్లే మందు పనిచేయదు. సోకిన దుబ్బులను పెకలించి కాల్చివేయవలసిందే. మందుల ఖర్చయినా మిగులుతుంది.

కొందరు విద్యార్థులు "కంప్యూటరు పనిచేయడం లేదు, అత్యవసరం" అని మాత్రమే అడుగుతారు. తెరపై కనబడిన వాక్యాన్ని చెప్పరు. తొందర తమది, శ్రమ ఎదుటివారిది! "దయచేసి" అనడంతోనే వినయం పూర్తికాదని నా అభిప్రాయం. చెప్పిన ఉపాయం ఫలించినదో లేదో తిరిగి తెలియజేయడమూ మర్యాదే. రేపు అదే చిక్కుతో వచ్చే మరొకరికి ఏమి చెప్పాలో అప్పుడే వారికి తెలుస్తుంది.