మన బొమ్మ మనమే అచ్చేసుకోవాలె

బొమ్మల కథలంటే పిల్లల కాలక్షేపమని మనలో చాలామంది అనుకుంటరు. బొమ్మ గీసిందెవరు, దాని మీద హక్కు ఎవరిది, దాని పైసలు ఎవరి జేబులోకి పోతున్నయి అని అడిగి చూడండి. అది అచ్చంగా రాజకీయమే. నీళ్లు, నిధులు, నియామకాల మీద హక్కు అడిగి, కొట్లాడి 2014 జూన్ 2న రాష్ట్రం తెచ్చుకున్న తెలంగాణ ప్రజలకు ఈ సంగతి ఒకరు విడమరిచి చెప్పనక్కర లేదు.

1938లో అమెరికాలో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు యువకులు తాము సృష్టించిన సూపర్‌మ్యాన్ మీద హక్కులను 130 డాలర్లకు ప్రచురణకర్తలకు రాసిచ్చిన్రు. ఆ బొమ్మ మీద కోట్ల వ్యాపారం నడిచింది. దాన్ని కన్నవాళ్లు మాత్రం కోర్టుల చుట్టూ తిరిగిన్రు. చివరికి పత్రికల్లో గోల చేస్తే తప్ప, 1975లో గాని కంపెనీ వాళ్లకు ఏటా 20 వేల డాలర్ల భృతి ఒప్పుకోలేదు. సంతకం పెట్టించుకున్నోడు యజమాని, గీసినోడు కూలి. వనరు ఒకరిది, పెత్తనం ఇంకొకరిది అన్న బాధ మనకు తెలియనిదా?

అదే అమెరికాలో ఇంకో తొవ్వ పట్టినోడు జెఫ్ స్మిత్. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో చదివేటప్పుడు 1982 నుంచి 1986 దాకా విద్యార్థి పత్రిక ‘ది లాంటర్న్’లో ‘థోర్న్’ అనే బొమ్మల కథ గీసిండు. అందులోని బోన్ బొమ్మలు చిన్ననాటి నుంచి ఆయన చేతిలో ఉన్నవే. చదువు అయినంక మిత్రులతో కలిసి యానిమేషన్ స్టూడియో పెట్టి బతుకుదెరువు చూసుకున్నడు. పత్రికలకు కార్టూన్లు అమ్మే సిండికేట్ల దగ్గర ఆయన పని కుదరలేదు. ఆ పాత కథను అటక మీద పడెయ్యలేదు. మళ్లా మొదటి నుంచి అల్లుకొని, కొత్తగా గీసి, 1991లో ‘బోన్’ పేరుతో సొంతంగా అచ్చేసిండు. పెద్ద కంపెనీ అండ లేదు, రంగులు లేవు, నలుపు తెలుపే. ఆయన భార్య విజయా అయ్యర్ ఉద్యోగం వదిలి ప్రచురణ లెక్కలు, అమ్మకాలు నెత్తికెత్తుకున్నది. 55 సంచికలు నడిచి 2004లో కథ ముగిసింది. అంతా కలిపి 1,300 పేజీలకు పైనే. 2005 నుంచి స్కొలాస్టిక్ అనే పెద్ద సంస్థ రంగుల్లో అచ్చేసింది. పెద్ద సంస్థ ఆయన గడపకు వచ్చింది గాని, బొమ్మ మీద హక్కు ఆయన చేయి దాటి పోలేదు. ఆ తర్వాత పాఠకుల నుంచి ముందస్తుగా పైసలు జమ చేసి, నలభై ఏండ్ల కిందటి కాలేజీ బొమ్మలను కూడా పుస్తకంగా తెచ్చిండు.

ఇది మనకు పరాయి పాఠమేం కాదు. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఎద్దేవా చేసిన రోజుల్లో సురవరం ప్రతాపరెడ్డి ఎవర్నీ బతిమాలలేదు. 1926లో మొదలైన సొంత పత్రిక ‘గోలకొండ’ ఉండనే ఉన్నది. 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చేసి చూపెట్టిండు. జవాబంటే అది. మన దగ్గర లేనిది ప్రతిభ కాదు, ప్రచురణ.

కొనేదెవరని కొందరు అడుగుతరు. న్యాయమైన ప్రశ్నే. సొంతంగా అచ్చేసిన ప్రతి ఒక్కరూ జెఫ్ స్మిత్ కాలేరు. కాగితం ధర, షాపు కమీషన్, అమ్ముడుపోని కాపీలు, అన్నీ గీసినోడి నెత్తి మీదనే పడతయి. అందుకే ఇది ఒక్క కళాకారుని పట్టుదలకు వదిలేసే పని కాదు. విజయా అయ్యర్ చేసిన పనిని మన సంఘాలు చెయ్యాలె. 2011లో సకల జనుల సమ్మెలో 42 రోజులు జీతాలు పణంగా పెట్టిన ఉద్యోగులకు, ఒక పుస్తకానికి ముందే వెల కట్టుడు పెద్ద భారం కాదు. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నం గనుక, బొమ్మల పుస్తకాలు కూడా కొనాలని జిల్లా గ్రంథాలయ సంస్థలను అడిగే హక్కు మనకున్నది.

విద్యార్థులకు రెండే మాటలు. ఉద్యమ కాలంలో హాస్టల్ గదుల్ల, గోడపత్రికల మీద గీసిన బొమ్మలు మీ దగ్గరో, మీ సీనియర్ల దగ్గరో ఉంటే చెదలు పట్టకముందే బయటికి తియ్యండి. వాటిని ఉన్నదున్నట్టు దాచుకునుడు ఒక పని, వాటి నుంచి ఇయ్యాల్టి కథ అల్లుడు ఇంకో పని. రెండూ చెయ్యండి. ఎవరైనా అచ్చేస్తమని ముందుకొస్తే సంతోషమే. కాని కాగితం మీద సంతకం పెట్టే ముందు హక్కు ఎవరి పేరు మీద ఉన్నదో చదువుకోండి. మన కథను ఇంకొకరి పేరు మీద రాసిచ్చి, తర్వాత యాభై ఏండ్లు కొట్లాడే ఖర్మ మనకొద్దు.