చమురు బావుల వద్ద ఆరని మంటలు: భద్రత కన్నా ఖర్చు లెక్కలే కారణం

చమురు క్షేత్రాలు, శుద్ధి కర్మాగారాల వద్ద ఎత్తయిన గొట్టం కొసన మండే జ్వాల ప్రమాదాన్ని నివారించేందుకు చేసిన ఏర్పాటు. యంత్రాలు మొరాయించినా, విద్యుత్ సరఫరా నిలిచినా గొట్టాల్లో పీడనం ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ వాయువును వెంటనే బయటకు పంపకపోతే పేలుడు సంభవించవచ్చు. కాల్చకుండా గాలిలోకి వదిలితే నష్టం ఇంకా ఎక్కువ. సహజవాయువులో అధిక భాగమైన మీథేన్, ఇరవయ్యేళ్ల వ్యవధిలో చూస్తే, కార్బన్ డయాక్సైడ్ కన్నా 80 రెట్లకు పైగా భూతాపాన్ని పెంచుతుంది.

అయితే ఏళ్ల తరబడి ఆగకుండా మండే జ్వాలలకు కారణం వేరు. ముడి చమురు భూగర్భం నుంచి పైకి వచ్చేటప్పుడు పీడనం తగ్గి, అందులో కరిగి ఉన్న వాయువు విడివడుతుంది. చమురును ట్యాంకుల్లో నింపి ఓడల్లో తరలించవచ్చు. వాయువుకు మాత్రం కంప్రెసర్లు, పైపులైన్లు, అందుబాటులో కొనుగోలుదారులు ఉండాలి. తిరిగి భూగర్భంలోకి పంపాలన్నా వ్యయమే. ఇవేవీ లేనిచోట కాల్చివేయడమే సంస్థలకు చౌక.

ప్రపంచ బ్యాంకు అంచనా ప్రకారం 2024లో ఇలా కాలిపోయిన వాయువు 15,100 కోట్ల ఘనపు మీటర్లు. భారత్ ఏడాదిలో వినియోగించే సహజవాయువుకు ఇది సుమారు రెట్టింపు.

చట్టం ఉన్నంత మాత్రాన మంటలు ఆరవని నైజీరియా అనుభవం చెబుతోంది. నైజర్ డెల్టాలో 1956లో చమురు నిక్షేపాలు బయటపడ్డాయి. అనుమతి లేని దహనాన్ని 1984 నుంచి నిషేధిస్తూ 1979లోనే చట్టం చేశారు. మంత్రిత్వశాఖ మినహాయింపులు, నామమాత్రపు జరిమానాలు ఆ నిషేధాన్ని నీరుగార్చాయి. ఈ దహనం జీవించే హక్కుకు భంగకరమని 2005 నవంబరులో అక్కడి ఫెడరల్ హైకోర్టు తీర్పు ఇచ్చింది. అయినా అత్యధికంగా వాయువును కాల్చే తొమ్మిది దేశాల్లో నైజీరియా నేటికీ ఒకటి. అదే దేశంలో కోట్లాది ప్రజలకు విద్యుత్ సౌకర్యం లేదు.

నార్వే మరో దారి పట్టింది. భద్రతా అవసరాలకు మించి కాల్చడాన్ని ఆ దేశం 1970ల నుంచే అనుమతించలేదు. 1991లో కర్బన పన్ను కూడా విధించింది. కాల్చడం ఖరీదైన వ్యవహారం కావడంతో వాయువు సేకరణకు అవసరమైన ఏర్పాట్లను సంస్థలు ముందుగానే చేసుకున్నాయి.

2030 నాటికి నిత్య దహనాన్ని పూర్తిగా నిలిపివేయాలన్న లక్ష్యాన్ని ప్రపంచ బ్యాంకు, ఐక్యరాజ్యసమితి 2015లో ప్రకటించాయి. అందుకు కావలసిన సాంకేతికత దశాబ్దాలుగా అందుబాటులోనే ఉంది. వాయువును సేకరించడం కన్నా కాల్చడానికి తక్కువ ఖర్చయినంత కాలం ఆ లక్ష్యం చేరడం కష్టం. ఆ లెక్కను మార్చవలసింది ప్రభుత్వాలే.