ఈకలు ఎవరివి?

తండ్రీ కూతురూ కలిసి అడవిలో డేరా వేసుకుని రెండు రాత్రులు గడిపితే దాన్నొక కార్యక్రమం అంటారని చెబితే మన పల్లెల్లో నవ్వుతారు. మంచె మీద కాపలా ఉన్న నాన్నకు అన్నం క్యారేజీ తీసుకెళ్లి, పొద్దుగూకేదాకా అక్కడే కబుర్లు చెప్పే కూతుళ్లు మనకు కొత్త కాదు. అమెరికాలో మాత్రం దీనికి వంద సంవత్సరాల చరిత్ర ఉంది. మన ఊళ్ల నుంచి వెళ్లినవారి పిల్లలు కూడా అక్కడే పెరుగుతున్నారు గనుక ఆ చరిత్ర మనమూ తెలుసుకోదగిందే.

సెయింట్ లూయీ నగరపు వై.ఎం.సి.ఏ.లో పనిచేసే హెరాల్డ్ కెల్ట్‌నర్ 1926లో తండ్రీ కొడుకుల కోసం దీన్ని ప్రారంభించారు. కెనడా అడవుల్లో ఆయనకు దారి చూపిన జో ఫ్రైడే ఓజిబ్వే తెగవాడు. తమలో కొడుక్కి విద్యాబుద్ధులు నేర్పేది తండ్రేననీ, తెల్లవారు ఆ పని తల్లులకు వదిలేస్తారనీ ఆయన అన్నాడని చెబుతారు. ఆ మాటే కార్యక్రమానికి పునాది. తండ్రీ కూతుళ్ల శాఖ 1950లలో వచ్చింది.

కొద్దిమంది తండ్రులు, వారి పిల్లలు కలిస్తే ఒక 'తెగ'. తెగకొక పేరు, ప్రతి తండ్రికీ బిడ్డకూ ఇంకో పేరు. వంతులవారీగా ఒక్కొక్కరి ఇంట్లో సమావేశం, డప్పు మోత, అప్పుడప్పుడు అడవిలో శిబిరం. ఆఫీసు తప్ప మరొకటి తెలియని మనిషి కూతురి కోసం తలకు ఈకలు కట్టుకుని నేలమీద చతికిలబడితే ఆ పిల్ల జన్మలో మరిచిపోతుందా? పేరు, గుర్తు, వంతు ఉంటే జట్టు నిలుస్తుంది. కోలాటం, భజన బృందాలు నడిపేవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

అయితే ఆ ఈకలు ఎవరివి? మనం రెడ్ ఇండియన్లని పిలుస్తూ వచ్చిన అక్కడి ఆదివాసులవి. అవే దశాబ్దాలలో అమెరికా, కెనడా ప్రభుత్వాలు ఆ ఆదివాసుల బిడ్డలను తల్లిదండ్రుల నుంచి విడదీసి దూరపు వసతి పాఠశాలల్లో పెట్టాయి. అక్కడ సొంత భాష మాట్లాడితే దండన. ఇందుకు కెనడా 2008లో, అమెరికా అధ్యక్షుడు 2024లో క్షమాపణ చెప్పారు. అంటే ఒక తండ్రి బిడ్డ లేని ఇంట్లో కుములుతుంటే, మరో తండ్రి అతని వేషం వేసుకుని తన బిడ్డను ఆడించాడన్నమాట. దురుద్దేశంతో చేశారని అనలేం. జో ఫ్రైడే సాయం చేసిన మాటా నిజమే. కాని ఒక్కడి సమ్మతి అన్ని తెగల సమ్మతి కాదు.

ఆదివాసుల అభ్యంతరాల ఫలితంగా 2000 తర్వాత వై.ఎం.సి.ఏ. ఆ పేర్లు, వేషాలు మానుకుంది. కొన్ని బృందాలు ససేమిరా అని విడిపోయాయి. ఆ పేరుతోనే కూతురికి దగ్గరైన తండ్రికి అది వదులుకోవడం కష్టమే. అయినా జో ఫ్రైడే చెప్పింది బిడ్డకు పక్కనుండి పని నేర్పడం గురించి. ఈకల గురించి కాదు.

మన బడుల వార్షికోత్సవాలలో కోయదొర వేషానికి పడీపడీ నవ్వుతాం. ఆ జనంలో కోయవారి పిల్ల, ఆమె తండ్రి కూర్చుని ఉంటే వారి మొహాలు ఎవరైనా చూశారా?

జట్టుకు పేరు కావాలంటే ఊరి చెరువు పేరుంది, చింతతోపు పేరుంది. గైడ్స్ శిబిరాల్లో ఆడపిల్లల జట్లకు పూల పేర్లు, పిట్టల పేర్లు పెట్టడం ఉన్నదే. ఈసారి శిబిరంలో ఒక పూట తండ్రులనూ పిలిచి, ముడులు వేయడం, పొయ్యి రాజేయడం కూతుళ్లతో కలిసి చేయిస్తే బాగుంటుంది. ఎటొచ్చీ పనిరోజున పెడితే కూలి వదులుకుని ఎవరూ రారు. ప్రధానోపాధ్యాయులు ఆ శిబిరం ఆదివారం పెట్టాలి, కబురు నాలుగు రోజుల ముందే పంపాలి.